మా బైండర్ల సంఘం వెన్ను విప్పి చూసిన రోజు

గవర్నర్‌పేటలో మా బుక్ బైండర్లకు ఒక సంఘం ఉంది. ఐకమత్యంతో పుట్టిందని పైకి చెప్పుకుంటాం. నిజానికి అది అనుమానంతో పుట్టింది. పక్కవాడు తక్కువ రేటుకు పని ఒప్పుకుంటున్నాడని ప్రతివాడికీ అనుమానమేనట. ఒకరి వెంట ఒకరు తిరగలేక, అందరూ ఒకే గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. అదే మా చరిత్ర. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, నేను రాస్తే ఇంతకంటే పొడుగు రాదు.

సంఘానికి కట్టుబాట్లు రెండే. సంఘం పంచిన పుస్తకాలను చేత్తోనే కుట్టాలి, వేడి జిగురు మెషీన్‌కు ఇవ్వకూడదు. ఒకరు కట్టిన పుస్తకం వెన్ను, అంటే కుట్టు దాగి ఉండే అంచు, ఇంకొకరు విప్పకూడదు. ఊడితే కట్టినవాడికే పంపాలి.

ఈమధ్య ఒక లైబ్రరీ పాత పత్రికలను బైండింగుకు ఇచ్చింది. నా వాటా అందరికంటే ముందే అప్పగించాను. అక్కడ మొదలైంది. నేను టీ కొట్టుకు వెళ్తే మాటలు ఆగిపోయేవి. బెంజ్ సర్కిల్ దగ్గర మెషీన్ షాపు ముందు నా స్కూటర్‌ను చూశామని కొందరు చెప్పారట. ఆ స్కూటర్ అప్పటికి మెకానిక్ దగ్గర చక్రాలు ఊడి పడుంది. మెషీన్ వాడానని తేలితే సంఘం నుంచి తీసేస్తారు, లైబ్రరీ పని పోతుంది. మా ఇల్లు నడిచేది ఆ పనితోనే.

ఒక ఆదివారం ప్రెసిడెంటుగారు, సెక్రటరీగారు ఇంటికి వచ్చారు. ప్రెసిడెంటుగారు నేను కట్టిన పుస్తకం ఒకటి వెంట తెచ్చి, నన్ను మాటమాత్రం అడగకుండా కత్తితో వెన్ను విప్పేశారు. లోపల దారమే ఉంది. అయినా ఆయన మొహం విప్పారలేదు.

“ఇంత సమంగా మనిషి కుట్టలేడయ్యా. ఏదో కుట్టు మెషీన్ తెచ్చావు. ఎక్కడ దాచావు?”

“వంటింట్లో ఉందండీ, పిలవమంటారా?” అన్నాను.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెడనలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. నేను అట్టలు వేస్తాను, కుట్టేది తనే. కూర్చుని వాళ్ల ముందే మడత కాగితాల ఫారాలు నాలుగు కుట్టి చూపించింది. సెక్రటరీగారు ఆ కుట్టును వేలితో తడిమి, ఇంకా నమ్మకం కుదరక చాప కింద కూడా చూశారు.

ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, సభ్యుడు కాని మనిషి కుట్టినా తప్పేనన్నారు.

కవరు గుడ్డ రంగు అందరిదీ ఒకేలా ఉండాలని, అదే లైబ్రరీ పనిలో ఆయన కట్టిన పుస్తకం ఒకటి మాదిరిగా నా దగ్గర ఉంచారు. మా ఆవిడ దాన్ని అలమారలోంచి తీసి, కత్తి పక్కన పెట్టింది.

“మా ఆయనది మీరు విప్పారు కదా అన్నయ్యగారూ. మీది నేను విప్పనా?”

“అది మర్యాద కాదమ్మా,” అన్నారాయన. చేయి మాత్రం అప్పటికే పుస్తకం మీద ఉంది.

వచ్చిన దగ్గర్నుంచీ నన్నే అనుమానిస్తున్న సెక్రటరీగారు మెల్లగా ఆయన వైపు తిరిగారు.

ప్రెసిడెంటుగారు పుస్తకాన్ని చంకలో పెట్టుకుని లేచారు. నా సభ్యత్వానికి ఢోకా లేదని, వచ్చే మీటింగులో మా ఆవిడను కూడా చేర్చుకుందామని గుమ్మంలో నిలబడే చెప్పారు. టీ తాగమన్నా ఆగలేదు.

అన్నట్టే చేర్చుకున్నారు. ఆ తర్వాత పని పంచినప్పుడు ఆయన తన వాటా సగానికి తగ్గించుకున్నారు. చూపు ఆనడం లేదట. అందరం పాపం అన్నట్టు తలలూపాం. ఒక్కరం కూడా నమ్మలేదు.