గీత మీద మా అమ్మ చోటు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను కడప దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మా అమ్మ అక్కడి మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఆమె దవడలో పొద్దస్తమానం సున్నం నలిపిన పొగాకు ఉండేది. మానమంటే నా మీదే ఎగిరేది. నోటి పుండుతో పెద్దాసుపత్రికి పోయి తిరిగిరాని ఆడవాళ్లు ఎందరో ఆమెకే బాగా తెలుసు. అయినా మానదు. నాకు ఒళ్లు మండేది, భయమూ వేసేది.

ఒకరోజు డాక్టరమ్మ నన్ను పిలిపించారు. "పొగాకు వేసుకునేవాళ్లలో ఎవరికి పుండు ముప్పు ఎక్కువో లెక్క కట్టగలరా మాస్టారూ?" అని అడిగారు. లెక్కల్లో నాకు ఎదురు లేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. సరేనన్నాను. ఏ జబ్బుతో వచ్చినా సరే, పొగాకు అలవాటున్న ప్రతి ఆడమనిషి నోరూ డాక్టరమ్మ చూసేవారు. ఎన్నేళ్ల అలవాటో అమ్మ అడిగేది. ఇంటికొచ్చి ఆమె చెబుతుంటే నేను రాసుకునేవాణ్ణి.

నెలల తరబడి పోగుచేసి గళ్ల కాగితం మీద గీశాను. అడ్డంగా ఏళ్లు, నిలువుగా నూటికి ఎందరికి పుండో, పుండుకు ముందొచ్చే తెల్లమచ్చో ఉందన్నది. చుక్కలు ఒక దారికి రాలేదు. పాతికేళ్ల అలవాటున్నవాళ్ల కంటే పదేళ్ల అలవాటున్నవాళ్లకే ముప్పు ఎక్కువన్నట్టు కనబడింది. నువ్వే సరిగా అడగలేదని అమ్మ మీద విసుక్కున్నాను.

"నేను సరిగానే అడిగినా. నువ్వు అడగమన్నదే తక్కువ," అంది. "మీ చిన్నమ్మ శానా ఏండ్లుగా ఏస్తాంది. రోంతసేపు నమిలి ఉమ్మేస్తాది. నేను పండుకున్నా తీయను. ఇద్దరిదీ ఒగటే ఎట్లయితాది నాయనా?"

రోజుకు ఎంతసేపు నోట్లో ఉంచుకుంటారో కూడా అడగమన్నాను. అమ్మ మళ్లీ అందరినీ అడిగింది. పొగాకు రోజుకు నోట్లో ఉండే గంటల్ని ఏళ్లతో గుణించాను. ఈసారి చుక్కలు వరుసకట్టాయి. గీత మొదట్లో నెమ్మదిగా, పోనుపోను నిటారుగా లేచింది. వేలిముద్ర వేసే మా అమ్మ నా లెక్కలో లోపం పట్టిందని డాక్టరమ్మకు చెప్పాను. బడిలో తోటి మాస్టర్లకు విసుగొచ్చేదాకా చెప్పాను.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ కాగితం ముందు కూర్చుంది.

"దీంట్లో నేను యాడ ఉండా?"

ఆమె లెక్క నేను ముందే కట్టుకున్నాను. పైకి చెప్పే ధైర్యం లేదు. ఇప్పుడవన్నీ ఎందుకులేమ్మా అన్నాను.

"మంది నోర్లన్నీ లెక్కేస్తివి. నాది చూసేకి భయమా?"

గీత నిటారుగా లేచిన చోట తానే వేలు పెట్టింది. "ఈడేనా?"

తలూపాను. ఆమె లేచి పొగాకు ఉమ్మేసి, నోరు పుక్కిలించుకుని, వాకిట్లో వెలుతురుకు నిలబడి నోరు తెరిచింది. దవడ లోపల చిటికెన వేలి గోరంత తెల్లమచ్చ.

"రేపు డాక్టరమ్మకు చూపిస్తా. ఇంక పొగాకు ముట్టను," అంది. "నువ్వు మాత్రం అమ్మ గదా అని నన్ను ఇడిసిపెట్టాకు. మచ్చ ఉన్నోళ్లలో నన్నూ కలిపి మళ్లా గీయి."

ఏడుస్తూనే గీశాను. ఆమె వేలు పెట్టిన చోటి చుక్క కొంచెం పైకి జరిగింది.