ఆ తలుపు నాదే

దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు నేను నమ్మను. నాకే ఇంత జరిగాక కూడా నమ్మను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి బతికినదాన్ని. ఒకసారి కనిపించిన తప్పు రెండోసారీ అలాగే కనిపిస్తే తప్ప తప్పని రాయనివ్వని ఉద్యోగం అది. హాస్టల్లో ఎవరైనా గజ్జెల చప్పుడు విన్నామంటే "పోయి పడుకోండే" అని కసిరిన మనిషిని. కాబట్టి ఇది చదివి దయచేసి నాకు తాయెత్తులు పంపకండి. తాయెత్తు నేనేం చేసుకుంటాను? నాకు నా కారు తలుపు కావాలి.

అవి వీధికి ఇద్దరు చొప్పున కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని విమానాలెక్కుతున్న రోజులు. మేం సింగపూర్‌లో దిగాం. టోవా పాయోలో అద్దె ఫ్లాట్. నాకు సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, మా ఆయన ప్రసాద్‌కి ఒక బ్యాంకులో. మా పాప మిన్ను అప్పటికి కిండర్‌గార్టెన్‌లో ఉంది. ఆ ఊళ్ళో గడప దాటితే బస్సు, నాలుగడుగులు వేస్తే ట్రైను. కారెందుకని అందరూ అన్నారు. మా ఆయన వింటేగా! జీతం పెరిగీ పెరగ్గానే తెల్లటి సెకండ్ హ్యాండ్ కారొకటి తెచ్చేశారు.

గుడి దగ్గర పూజ చేయించాం. పూజారిగారు బానెట్ మీద బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. నేను కూర్చునే వైపు తలుపు బోసిగా కనిపించింది. కుడిచేతిలో కొబ్బరిచిప్పల పళ్ళెం ఉంది కదా, పసుపు నీళ్ళలో ఎడంచెయ్యి ముంచి తలుపు మీద అచ్చు వేశాను. మా బ్లాక్‌లోనే ఉండే సుజాత ఆంటీ "అయ్యో, ఎడంచెయ్యేంటమ్మా, శుభమా అని పూజ చేస్తుంటే!" అని నొచ్చుకున్నారు. నవ్వేశాను. ఎన్నిసార్లు కడిగినా ఆ పసుపు లేతగా మిగిలిపోయింది. ఆ తలుపుని గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు అని చెప్తున్నానంతే. జరిగినదానికి అదే కారణమని ఆంటీ అంటారు, నేను అనను.

ఒక సాయంత్రం మా ఆయన కారు నడుపుతుంటే ఆఫీసు నుంచి ముగ్గురం ఇంటికొస్తున్నాం, పక్క రోడ్డులోంచి ఒక లారీ ఆగకుండా వచ్చి నా వైపు గుద్దింది. తలుపు లోపలికి నొక్కుకుపోయింది. నా ఎడంచెయ్యి అప్పుడు దాని పిడి మీద ఉంది. దేవుడి దయవల్ల వెనక కూర్చున్న మిన్నుకి గీత కూడా పడలేదు. నాకూ ఎముక విరగలేదు, రక్తం రాలేదు. కానీ మణికట్టు నుంచి కిందికి స్పర్శ పోయింది. వేళ్ళు కదులుతాయి, టైపు కూడా చేస్తాయి. ఏం ముట్టుకుంటున్నదీ మాత్రం తెలియదు. ఆస్పత్రిలో సూదులు గుచ్చారు, కరెంటు పెట్టి చూశారు. నరాలు బాగానే ఉన్నాయి, షాక్ వల్ల అలా ఉంది, అదే తగ్గుతుందన్నారు.

పెనం అంచు తగిలి వేళ్ళు బొబ్బలెక్కినా వాసన వచ్చేదాకా తెలియలేదు. పోనీలే అని ఓర్చుకున్నాను. ఒకరోజు స్కూలు ముందు మిన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాను. దాటాననుకున్నాను. అవతలికి వెళ్ళి చూస్తే పక్కన పిల్ల లేదు. ఇవతలే, రోడ్డు అంచున కూర్చుని ఊడిన బూటు తొడుక్కుంటోంది. మధ్యలో బస్సులు పోతున్నాయి. దాని చెయ్యి నా చేతిలోంచి ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు. ఆ రోజు ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. కుడిచెయ్యి పట్టుకోవే అని ఎంత చెప్పినా ఆ పిల్ల అలవాటుగా ఎడంవైపే వచ్చి నిలబడేది.

లారీ వాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీ తప్పు ఒప్పుకుంది. కారుకి కొత్త తలుపు వేయించింది. నా వైద్యం ఖర్చులు, చేతికి పరిహారం కూడా ఇచ్చింది. వాళ్ళు ఎక్కడ సంతకం పెట్టమంటే మా ఆయన అక్కడ పెట్టారు. కథ అక్కడితో అయిపోవాలి.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఉండగా నా ఎడంచెయ్యి తడిసింది. స్పర్శ లేని చెయ్యి! చినుకులు ఒక్కొక్కటే పడుతున్నట్టు చల్లగా, స్పష్టంగా తెలుస్తోంది. చూస్తే పొడిగా ఉంది. కిటికీ బయట ఎండ కాస్తోంది. స్పర్శ తిరిగొస్తోందని సంబరపడి మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన కొత్త తలుపు సరిగ్గా పడటం లేదని అప్పుడే వర్క్‌షాప్‌కి వెళ్ళి ఉన్నారు. అది ద్వీపానికి అవతలి వైపు. "ఉండవోయ్, ఏమీ వినపడట్లేదు, ఇక్కడ కుండపోతగా కురుస్తోంది" అన్నారు. ఇక్కడ ఎండ, అక్కడ వాన ఆ ఊళ్ళో మామూలే. నేనేమీ అనుకోలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం అదే చేతి మీద ఎవరో ఉలి పెట్టి కొట్టినట్టయింది. కెవ్వుమన్నాను. మీటింగ్‌లో అందరూ నా వైపు చూశారు. సాయంత్రం కొత్త తలుపు సంగతి తేల్చుకోవడానికి వర్క్‌షాప్‌కి నేనే వెళ్ళాను. మా పాత తలుపు వెనక పెరట్లో ఆరుబయట పడి ఉంది, పసుపు అచ్చుతో సహా. దాని అద్దం ఎవరికో కావాలని పొద్దున్నే ఊడగొట్టానని వర్క్‌షాప్ యజమాని చెప్పాడు. ఆయన చైనీస్ పెద్దాయన, మేం అంకుల్ అనేవాళ్ళం.

ఇక నాలో టెస్టర్ నిద్రలేచింది. మా ఆయన్ని అక్కడికి పంపాను. ఎప్పుడు కొడతారో, ఎన్నిసార్లు కొడతారో నాకు చెప్పకుండా ఆ తలుపుని వేలితో తట్టి, అప్పుడు ఫోన్ చెయ్యమన్నాను. ఫోన్ రాగానే ఆయన నోరు తెరవకముందే ఎన్నిసార్లో నేను చెప్పాను. మళ్ళీ తట్టమన్నాను. మళ్ళీ చెప్పాను. ఆయన "ఇంటికొచ్చేస్తున్నాను" అని మాత్రం అన్నారు.

శనివారం ముగ్గురం వెళ్ళాం. మిన్నుకి ఏమీ చెప్పలేదు. అది పెరట్లో గెంతుతూ పోయి తలుపు మీద పసుపు చూసి, "అమ్మా, యువర్ హ్యాండ్!" అని తన అరచెయ్యి దాని మీద ఆనించింది. నేను దూరంగా నిలబడి ఉన్నాను. నా ఎడంచేతిలోకి ఒక చిన్న చెయ్యి వచ్చింది. వెచ్చగా, ఐస్‌క్రీమ్ జిగురుతో, బొటనవేలి గోరు కొరికిన గరుకుతో సహా. ప్రమాదం జరిగాక నా బిడ్డ చెయ్యి ఆ చేతికి తెలియడం అదే మొదలు. అక్కడున్న పాత టైరు మీద కూర్చుని ఏడ్చేశాను. "వై యు క్రై లా?" అని ఆ ఊరి ఇంగ్లీషు యాసలో అడుగుతూ మిన్ను పరిగెత్తుకొచ్చింది. వచ్చి నా ఎడంచెయ్యే పట్టుకుంది. ఏమీ తెలియలేదు.

తలుపు ఇచ్చెయ్యండి, డిక్కీలో పెట్టుకుపోతాం అన్నాను. అంకుల్ చేతులు అడ్డంగా ఊపాడు. "కెనాట్ లా! ఇన్సూరెన్స్ వాళ్ళది. వాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?" అన్నాడు. అద్దం ఊడగొట్టి అమ్ముకున్నప్పుడు లేని భయం అప్పుడొచ్చింది!

సోమవారం ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్ళాను. టై కట్టుకున్న కుర్రాడొకడు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. తలుపుకి పూర్తి పరిహారం ఇచ్చాం కాబట్టి పాడైన తలుపు ఇప్పుడు కంపెనీ ఆస్తి అన్నాడు. మీ ఆయన సంతకం చేశారు కదా మేడమ్ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గుద్దింది మీవాడు. దెబ్బ తిన్నది నేను. పాడైన తలుపు మీదా? పోనీ ధర చెప్పండి, కొనుక్కుంటానన్నాను. ఒక్కొక్కటీ అమ్మరట. తుక్కంతా కలిపి ఒక కాంట్రాక్టర్‌కి పోతుందట. అప్పటికే మాట అయిపోయిందట.

"మరి నా చేతికి కూడా పరిహారం ఇచ్చారుగా! ఇదీ మీదేనా? కోసుకుపోతారా?" అని ఎడంచెయ్యి బల్ల మీద పెట్టాను. ఆ కుర్రాడి మొహం పాలిపోయింది. మంచినీళ్ళు తెప్పించాడు. నీళ్ళు ఎవడడిగాడు! చేతికి, తలుపుకి తేడా చెప్పమన్నాను. పై ఆఫీసర్‌ని అడిగి చెప్తానన్నాడు. ఆ పై ఆఫీసర్ ఈ రోజుకీ చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "సంతకం పెట్టేముందు చదవరా మీరు? పెళ్ళాం చెయ్యి రాసిచ్చేస్తారా?"

"తుక్కు తలుపే కదా అనుకున్నానే. అది నీ చెయ్యని నాకేం తెలుసు?" అన్నారాయన నీళ్ళు నములుతూ. పాపం, ఆ మాటలో అబద్ధం లేదు. అయినా వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

తలుపు పోయిన సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పనక్కర్లేకపోయింది. డెస్క్ దగ్గర ఉండగానే ఎవరో నా చేతిని ఎత్తి ఇనుము మీదికి విసిరారు. మీద ఇంకేవో బరువులు పడ్డాయి. మా ఆయన టాక్సీలో పరిగెత్తారు. పెరడు ఖాళీ. కాంట్రాక్టర్ లారీ వచ్చి వెళ్ళిందట. కాంట్రాక్టర్‌ని పట్టుకుంటే, అంతా కంటెయినర్‌కి ఎక్కించేశామని, ఏ దేశం పోతుందో ఎగుమతి చేసేవాళ్ళని అడగమని అన్నాడు. వాళ్ళని అడిగితే ఫోన్ పెట్టేశారు. మనిషి చేతిని చేతులు మార్చుకుంటూ పోయారు. అన్నీ చట్టప్రకారమే!

తర్వాత చాలా రోజులు చీకటి తెలిసింది. చేతికి చీకటి తెలుస్తుందా అని అడగకండి, తెలిసింది. ఓడలో ఉన్నట్టు చెయ్యి మెల్లగా ఊగేది. ఎక్కడో నొక్కి కరిగించేస్తారేమోనని రోజూ భయంతో చచ్చాను. ఒకరోజు ఎండ తగిలింది. ఆ తర్వాత సుత్తి దెబ్బలు. సొట్టలు తీస్తున్నారని అర్థమైంది. పళ్ళు కరుచుకుని భరించాను, ఆఫీసుకి సెలవు పెట్టాను. చివరికి తడిగా, చల్లగా రంగు పడింది. నా పసుపు అచ్చు దాని కిందికి పోయింది.

ఆ తర్వాత దాన్ని ఎవరో వాడటం మొదలుపెట్టారు. మోచెయ్యి ఆనించుకుంటారు. వాన పడుతుంది, దుమ్ము పడుతుంది. పొద్దున్న పూట తలుపు ధడాలున పడుతుంది, వెంటనే బయటి నుంచి ఒక అరచెయ్యి, మొదట్లో చాలా చిన్నది, రెండుసార్లు తడుతుంది. స్కూలు దగ్గర దిగే పిల్ల, కారు నడిపేవాళ్ళకి వెళ్ళొస్తానని చెప్పడం అనుకుంటాను. పిల్లో, పిల్లాడో. పిల్లే అని నాకెందుకో గట్టిగా అనిపిస్తుంది.

వేరే డాక్టర్లకి చూపించాను. ఒకాయన నరాలన్నారు, ఒకావిడ మనసన్నారు. సుజాత ఆంటీ ఎడంచెయ్యి అన్నారు. నరాలైతే వాన ఎలా తెలిసింది, మనసైతే మా ఆయన ఎన్నిసార్లు తట్టారో ఎలా తెలిసింది? ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. ఇన్నేళ్ళు ఒక కారు తిరుగుతుందా అంటే అదీ తెలియదు.

మిన్ను ఇప్పుడు ఇదే ఊళ్ళో వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఉద్యోగం చేస్తోంది. మొన్న ఇద్దరం రోడ్డు దాటుతుంటే పాత అలవాటుగా ఎడంవైపు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కళ్ళతో చూస్తేనే తెలిసింది. దాని వేళ్ళు ఎప్పుడు పొడుగయ్యాయో, గోళ్ళు కొరకడం ఎప్పుడు మానేసిందో ఆ చేతికి తెలియదు. తలుపు తట్టే ఆ చెయ్యి మాత్రం ఏడాదికేడాది ఎలా పెద్దదైందో అణువణువునా తెలుసు. నా కూతురి చిన్నతనం ఎవరి దగ్గర అడగాలి? ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరా?

ఈ పొద్దున కూడా వంటింట్లో ఉండగా ధడాలుమని పడింది. చెయ్యి జివ్వుమంది. "మెల్లిగా వెయ్యవే తల్లీ, అది నా చెయ్యి" అని గట్టిగానే అరిచాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. నేను స్టవ్ కట్టేసి, ఎడంచెయ్యి చాపి నిలబడ్డాను. రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది.