శుక్రవారాల చదువు

మా సబ్‌సెంటర్ నర్సమ్మ పోయిందన్న కబురు స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. మలేరియా మెదడుకెక్కిందట. ఊరూరా తిరిగి అందరి జ్వరాలకీ రక్తం చుక్క తీసిన మనిషి, తన జ్వరాన్ని మాత్రం నాలుగు రోజులు పట్టించుకోలేదు. పిల్లలు ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ముందుగా నా మనసులోకి ఏం వచ్చిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ‘ఇక పిల్లలు సందేహాలకి నా దగ్గరికే వస్తారు’ అనుకున్నాను.

నేను అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం టీచర్ని. విజయనగరం వైపు నుంచి, ఎమ్మెస్సీ పట్టాతో, తొంభైల్లో వచ్చాను. ఆమె ఈ కొండల పిల్లే. విశాఖలో బీఎస్సీ రెండో ఏడు చదువుతుండగా తమ్ముడు పోయాడు. చిన్నప్పట్నుంచీ వాడికి కాళ్లూ కీళ్లూ నొప్పులు. ఊళ్లో వాళ్లు దేవత పట్టిందన్నారు, ఆసుపత్రి వాళ్లు జ్వరమన్నారు. తమ్ముణ్ణి కడసారి చూడ్డానికి కొండెక్కిన పిల్ల మళ్లీ కాలేజీకి దిగలేదు. నర్సు ట్రైనింగు చేసి ఉద్యోగంలో చేరింది. పదేళ్ల పాటు మా ఇద్దరికీ ఏ పేచీ లేదు. ఎదురైతే నమస్కారం పెట్టేది, నేను తలూపేదాన్ని.

అరకులో నెట్ సెంటర్ తెరిచాక మొదలైంది నా బాధ. శుక్రవారం సంతలో జ్వరాల పరీక్షలు ముగించుకుని ఆమె నేరుగా అక్కడికే వెళ్లేది. ఎక్కడో పైదేశంలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు తమ పాఠాలన్నీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారట. వీడియోలు తెరుచుకునేవి కావు. ఒక్క పేజీ రావడానికి టీ తాగి రావచ్చు. ఆమె కూర్చుని కాగితాలు ప్రింటు తీయించుకునేది. దిగుడు దారిలో నడుస్తూ కూడా చదివేది. అర్థం కాని ఇంగ్లీషు మాట దొరికితే మరిచిపోకుండా అరచేతి మీద రాసుకునేది. ఇంజెక్షన్ చేసేటప్పుడు ఆ చెయ్యి చూసి ముసలమ్మలు నవ్వేవారు.

“ఈ వయసులో దేనికమ్మా? వాళ్లు సర్టిఫికెట్ కూడా ఇవ్వరటగా?” అన్నాను ఒకసారి, జీపులో.

“ఇవ్వరు మేడం,” అంది. “సదువు మాత్తరం ఇత్తారు.”

జీపులో అందరూ నవ్వారు. అరకు వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను.

ఆ ఏడే మా తొమ్మిదో తరగతిలో ఒక గుంటపిల్ల ఉండేది. డ్రిల్లు ఎగ్గొట్టేది, కాళ్లు నొప్పులనేది. బద్ధకమని ఎండలో నిలబెట్టాను. నెలవారీ ఆరోగ్య పరీక్షకి వచ్చిన నర్సమ్మ ఆ పిల్ల కళ్లు చూసింది, పక్కన కూర్చోబెట్టుకుని కీళ్లు తడిమింది, ఇంటి సంగతులన్నీ అడిగింది. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

“మేడం, ఇది మా తమ్ముడి నొప్పే. బేగి విశాఖ పంపాలి.”

“నువ్వేమైనా డాక్టరువా?” అన్నాను.

“కాదు మేడం. అందుకే పంపుదామంతన్నాను.”

హెడ్మాస్టరు పంపించారు. సికిల్ సెల్ అని తేలింది. రక్తకణాలు కొడవలిలా వంగిపోయే ఆ జబ్బుని ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ వేసి, ఒక మార్కు ప్రశ్న అని చెప్పినదాన్ని నేను. ఆ జబ్బు నా ముందు బెంచీలోనే కూర్చుంటే ఎండలో నిలబెట్టాను.

హెడ్మాస్టరు నర్సమ్మ చేత పదో తరగతికి పాఠం చెప్పించారు. ఆమె ఎర్ర రాజ్మా గింజలూ తెల్ల గింజలూ తెచ్చింది. ఇద్దరు పిల్లల్ని అమ్మానాన్నల్ని చేసి, ఒక్కొక్కరి గుప్పిట్లో ఒక ఎర్రదీ ఒక తెల్లదీ పెట్టింది. అమ్మ గుప్పిట్లోంచి ఒకటి, నాన్న గుప్పిట్లోంచి ఒకటి, కళ్లు మూసుకుని తీయమంది. రెండూ తెల్లవొస్తే జబ్బు. నలుగురు పిల్లల్లో ఒకరికే వస్తుందని నేను చెప్పిన పాఠం పిల్లలు అప్పజెప్పారు. ఆమె గింజల్ని మళ్లీ గుప్పిట్లో వేసేసింది.

“అలగ కాదమ్మా. పెతీ కానుపుకీ లెక్క మళ్లీ మొదలే. మొదటి బిడ్డకొచ్చిందని రెండో బిడ్డకి రాదని లేదు.”

వెనక బెంచీలో కూర్చుని వింటున్న నాకు చెవులు మండిపోయాయి. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే కోపమైనా తెచ్చుకునేదాన్ని. ఆ గుంట మందులు వాడుతూ, నీళ్లు తాగుతూ ఇంటర్ దాకా వచ్చింది. పెళ్లి కుదిరే ముందు రక్తపరీక్ష చేయించమని అడిగే తల్లులు ఇప్పుడు నాలుగైదు ఊళ్లలో ఉన్నారు. ఇదంతా మంచిదేనని తెలుసు. అయినా దారిలో “నర్సమ్మ పంతులమ్మ” అని ఎవరైనా అంటే నాకు అన్నం సయించేది కాదు. నా దగ్గరున్నది పట్టా. ఆమె దగ్గరున్నది ఆకలి. నాకు కావలసింది అదే, అది ఎక్కడ దొరుకుతుందో తెలియక అసూయపడ్డాను.

పోయిన వారం నర్సమ్మ వాళ్ల ఊరు వెళ్లాను. వానకి ఇంటి పైకప్పు కారి ఆ ప్రింటు కాగితాలన్నీ తడిశాయట. వాళ్లమ్మ వాటిని వాకిట్లో పరిచి ఆరబెడుతోంది. అక్షరం రాని మనిషి. ఒంగి ఒక కాగితం చూశాను. అంచున పెన్సిలుతో, తెలుగులో, ‘ఇది మేడంని అడగాలి’ అని ఉంది. ఇంకోటి చూశాను. అక్కడా ఉంది. ఎన్ని కాగితాల మీదో.

ఒక్కసారీ అడగలేదు. అడిగేలా నేనెప్పుడూ కనపడలేదు. చదివి చూస్తే ఆ ప్రశ్నల్లో సగానికి నాకు జవాబు తెలియదు. అప్పుడు కూడా, ఆ వాకిట్లో నిలబడి, అన్ని ప్రశ్నలు పుట్టిన ఆ బుర్రని చూసి కుళ్లుకున్నాను. ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.

“గాలొత్తంది, కూకో అమ్మా,” అంది వాళ్లమ్మ. విస్తర్లు కుట్టే అడ్డాకులు ఆరబెట్టినట్టే, ఒక్కో కాగితం మీద ఒక్కో గులకరాయి పెట్టుకుంటూ, ఏ అక్షరం మీదా కాలు పడకుండా, వాకిలి ఆ చివరికి నడిచిపోయింది.