మహబూబాబాద్ నుంచి రెండు రింగులు

పెళ్లయిన కొత్తలో మా అత్తగారు నా చేతికి కట్టిన తాయెత్తును కత్తెరతో కోసి చెత్తబుట్టలో వేసినదాన్ని నేను. మా ఆడబిడ్డకు దయ్యం పట్టిందని ఇంట్లోవాళ్లు అంటే, పరీక్ష చేయించి, ఒంట్లో రక్తం తక్కువుందన్న కాగితం వాళ్ల ముందు పెట్టి కొట్లాడాను. ఇప్పటికీ నా మాట అదే. కాకపోతే జనగామలో జరిగిన ఒక్క సంగతికి మాత్రం ఇరవై ఏళ్లుగా నా దగ్గర జవాబు లేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మళ్లీ రాజుకున్న తొలి ఏళ్లవి. సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాలేదు. నేను కంప్యూటర్స్‌తో బి.ఎస్సీ చదివి, జనగామలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో మాకు శాఖలుండేవి. భూపాలపల్లి నుంచి రెండున్నరకు, మహబూబాబాద్ నుంచి నాలుగింటికి, ఆ రోజు వచ్చిన రోగుల వివరాలు మోడెం అనే పెట్టె ద్వారా, ఫోన్ లైను మీదుగా మా కంప్యూటర్‌కు చేరేవి. మాట్లాడడానికైనా మోడెంకైనా ఆఫీసుకు ఉన్నది ఒకటే ఫోన్ లైను.

మహబూబాబాద్‌లో ఆ పని చేసేది బాలు నాయక్. గార్ల దగ్గరి తండా మనిషి. ఇంట్లో లంబాడీ భాష, మాతో తెలుగు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. నాకంటే ఆరేళ్లు పెద్దవాడైనా నన్ను అక్కా అనేవాడు, నేను బాలన్నా అనేదాన్ని. అతనికో అలవాటుండేది. మోడెం కలిపే ముందు మామూలుగా ఫోన్ చేసి, రెండు రింగులు కాగానే పెట్టేసేవాడు. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చోమని నాకు కబురు.

తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కంప్యూటర్‌కూ మోడెంకూ మధ్య ఉండే కేబుల్‌లో సమాచారం పోయే తీగలతో పాటు సైగల తీగలు కూడా ఉంటాయి. ఒక తీగ మీద కంప్యూటర్ ‘నేను సిద్ధంగా ఉన్నాను’ అని చెబుతూ ఉంటుంది. పనయ్యాక ఆ సైగ ఆపేస్తుంది. అది చూసి మోడెం ఫోన్ పెట్టేయాలి. ఇంకో తీగ మీద మోడెం ‘అవతలివాళ్లు లైనులో ఉన్నారు’ అని కంప్యూటర్‌కు చెబుతుంది. అలా ఉన్నంతసేపూ మోడెం మీద ఒక ఎర్ర లైటు వెలుగుతుంది.

మా ప్రోగ్రాంతో ఒక పేచీ ఉండేది. ఒక ఫైలు నుంచి రెండో ఫైలుకు మారేటప్పుడు ఆ మొదటి సైగ క్షణంపాటు పడిపోయేది. పని అయిపోయిందనుకుని మోడెం లైను కోసేసేది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. విసుగొచ్చి ఒకరోజు మోడెం వెనకున్న చిన్న తెల్ల స్విచ్చును పిన్నుతో పైకి నెట్టాను. ఇక కంప్యూటర్ ఏ సైగ చేసినా మోడెం లెక్కచేయదు. ఫైళ్లన్నీ చక్కగా వచ్చాయి. కాకపోతే చివర్లో లైను దానంతట అది తెగదు, నేనే చేత్తో మోడెం ఆపాలి.

బాలు నాయక్‌కు ఇది నచ్చలేదు.

“అక్కా, గట్ల జేస్తే మోడెం చెవులు మూసినట్టే గదా. నువ్వు మర్శిపోయిన దినం లైను గట్లనే ఉంటది. జర ప్రోగ్రాం మార్సుకో, సరిపోతది.”

“డిగ్రీ పాసయింది నువ్వా నేనా, బాలన్నా?”

“నువ్వే తియ్యి. గందుకే నువ్వు జనగామల కుర్సీల ఉన్నవ్, నేను గీడ ఉన్న.”

నవ్వాడు. నేనూ నవ్వాను. ప్రోగ్రాం మాత్రం మార్చలేదు.

ఆ రోజు బంద్. అంతకుముందు ఒక బంద్‌లో మా జీపు అద్దాలు పగిలాయి. అప్పటి నుంచి బంద్ రోజున ఏ శాఖ జీపు కదలాలన్నా జనగామ నుంచి అనుమతి ఉండాలని నియమం పెట్టారు. మా సారు లేనప్పుడు ఆ మాట ఫోన్‌లో చెప్పాల్సింది నేనే. ఆ రోజు సారు లేడు.

రెండున్నరకు భూపాలపల్లి వివరాలు వచ్చాయి. లైను కోయాల్సింది మా వైపు నుంచే కాబట్టి, అక్కడి మనిషి కంప్యూటర్ అలాగే వదిలి, గదికి తాళం వేసి ఊరేగింపుకు పోయాడు. ఇక్కడ నాకు చౌరస్తా నుంచి నినాదాలు వినపడ్డాయి. రాస్తారోకోలో ఆడవాళ్లు కూర్చున్నారని తెలిసి నేనూ పోయి కూర్చున్నాను. గొంతు పోయేదాకా అరిచాను. ఐదున్నరకు తిరిగొచ్చి చూస్తే మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. నాలుక కరుచుకుని ఆపేశాను.

బాలు నాయక్ పోయాడని రాత్రి తెలిసింది. ఆఫీసులో ఉండగా గుండెనొప్పి వచ్చిందట. దగ్గరి డాక్టరు చూసి వెంటనే వరంగల్ తీసుకుపొమ్మన్నాడట. జీపులో పోతుంటే కేసముద్రం దాటాక ప్రాణం పోయిందట. నాకు అప్పుడు చెప్పింది అంతే. నేనూ ఇంకేమీ అడగలేదు. మరునాడు పొద్దున్నే స్విచ్చును కిందికి దించి, ప్రోగ్రాం సరిచేశాను. అరగంట పట్టింది.

ఆ సాయంత్రం నాలుగింటికి ఫోన్ రెండు రింగులు మోగి ఆగిపోయింది. వెంటనే మోడెం మీద ఎర్ర లైటు వెలిగింది. భూపాలపల్లికి ఫోన్ చేద్దామంటే లైను మాకు దొరకలేదు. ఐదూ పదికి లైటు ఆరిపోయింది. ప్రోగ్రాం రాసుకునే చిట్టాలో చూశాను. నాలుగింటికి కలిసింది, ఐదూ పదికి తెగింది, వచ్చిన అక్షరాలు సున్నా.

రెండో రోజూ అంతే. మూడో రోజు మోడెం నుంచి ఫోన్ తీగ పీకేసి కూర్చున్నాను. రెండు రింగులు. ఎర్ర లైటు. కేబుల్ మార్చాను. పక్క గదిలోని కంప్యూటర్‌కు తగిలించాను. వరంగల్ నుంచి ఇంజినీరును పిలిపిస్తే ఎర్తింగ్ సరిగా లేదన్నాడు. “ఎర్తింగ్ చేతికి గడియారం పెట్టుకుంటదా, సారూ? రోజూ నాలుగింటికే ఎట్లొస్తది?” అన్నాను. అతను మోడెం మార్చాడు. కొత్తది కూడా నాలుగింటికే వెలిగి ఐదూ పదికే ఆరింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం మహబూబాబాద్ జీపు డ్రైవర్ యాకయ్య, బాలు పోయినప్పటి నుంచి వాడే మనిషి లేక మూలనపడ్డ అక్కడి కంప్యూటర్‌నూ మోడెంనూ అప్పగించడానికి వచ్చాడు. డబ్బాలు దించి, నీళ్లు తాగి, నేను అడగకుండానే చెప్పాడు.

“నాలుగింటికి నొప్పి లేసింది, మేడం. నీకు ఫోన్ జేస్తే ఎంగేజ్. ఎన్నిసార్లు జేసినా ఎంగేజే. నేను జీపు తీస్తన్న. ఆయనే ఒద్దన్నడు. చెప్పకుంట తీస్తే యాకయ్యా, నీ నౌకరి పోతదన్నడు. అక్క మోడెం ఆపుడు మర్శినట్టుంది, యాదికొస్తది, జర ఆగుమన్నడు.”

“ఎంతసేపు ఆగినవ్?”

“ఐదు దాటిందాంక జూసిన. ఐదూ పదికి ఇగ నేనే ఎత్తుకపోయి బండ్లేసిన.”

అతనితో ఏం మాట్లాడి పంపానో నాకు గుర్తులేదు.

నాలుగైంది. రెండు రింగులు. లైటు వెలిగింది. అన్ని రోజులూ తీగలు మార్చాను, పెట్టెలు మార్చాను, మనుషులతో వాదించాను. ఒక్క పని మాత్రం చేయలేదు. లైను కోయలేదు. లేని లైనును కోయడమేమిటని చేయలేదు. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని, సైగ ఆపే ఆదేశం కొట్టాను. లైటు ఆ క్షణమే ఆరిపోయింది.

ఫోన్ మోగింది. ఈసారి రెండు రింగులకు ఆగలేదు. ఎత్తాను. అవతల ఎవరూ మాట్లాడలేదు. దూరం ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లలో ఉండే గరగర మాత్రం వినిపించింది.

“బాలన్నా, జీపు తియ్యమను. ఎవ్వలనడిగేది లేదు, జల్ది పొమ్మను.”

గరగర కాసేపు అలాగే ఉండి, ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

ఆ లైటు మళ్లీ ఆ వేళకు వెలగలేదు. నేను ఆ ఉద్యోగంలో ఇంకో నాలుగేళ్లు ఉన్నాను. రోజూ నాలుగింటికి చూసేదాన్ని. తీగ లేని మోడెంలో లైటు ఎలా వెలిగిందో నాకు తెలియదు. చివరి ఫోన్ రాంగ్ నంబరని మావారు అంటారు. కావచ్చు. ఎవరితో చెప్పానో తెలియదు గానీ, ఆ రోజు నేను చెప్పాల్సిన మాట చెప్పాను. పన్నెండు రోజుల తర్వాత.