మూడు నీలాలు

మొన్న చర్లలో ఆటో కోసం ఎరువుల దుకాణం ముందు నిలబడి ఉంటే, లోపల కొట్టతను ఒక మిరప రైతుకు మైలుతుత్తం సంచి మూతి విప్పి చూపిస్తున్నాడు. ఎండ నేరుగా ఆ పలుకుల మీద పడింది. ఆ నీలం చూడగానే నాకు కాలు నిలవలేదు. ఆటో వచ్చి హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా లోపలికి వెళ్ళి, సంచి మీది పేరును ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, "అన్నా, ఒక్క పలుకు చేతిల పెట్టవా" అని అడిగాను. "విషమమ్మా అది, ఏం జేస్తవు?" అన్నాడతను. ఏం చేస్తాను, చూసుకుంటాను. నలభై దాటాక చర్చి ఆడవాళ్ళ కూటంలో అఆలు దిద్దినదాన్ని నేను. కానీ అంతకు ముప్పై ఏళ్ళ ముందే నాకొక చదువు వచ్చు. అందులో అయిదే అక్షరాలు: నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక రంగు.

నాకు తొమ్మిదో ఏట చక్కెర జబ్బు వచ్చింది. పెద్దవాళ్ళకు వచ్చే రకం కాదు. ఒంట్లో తయారు కావలసిన మందు అసలే తయారుకాక, రోజూ సూదితో ఎక్కించుకుంటేనే బతికే రకం. మాది చర్లకు ఇవతల వాగు ఒడ్డున ముప్పై గడపల ఊరు. నాన్న రోడ్డు గ్యాంగులో కూలీ, అమ్మ రూతమ్మ మిషన్ దవాఖానాలో ఆయా. అమ్మ అక్కడ పనిచేయబట్టే నేను బతికాను. దవాఖానా సిస్టరమ్మే ఆమెకు సూది వెయ్యడం నేర్పింది. నాన్న నెలకోసారి భద్రాచలం వెళ్ళి, మందు సీసాలను తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చేవాడు. ఫ్రిజ్ అంటే ఏమిటో తెలియని ఇంట్లో అవి తడి ఇసుక నింపిన కుండలో, ఆ ఇసుకలో పాతిన చిన్న ముంతలో హాయిగా నిద్రపోయేవి. ఎండాకాలం మేమంతా ఉడికిపోతుంటే ఇంట్లో చల్లగా బతికింది ఆ మందొక్కటే. అందుకే మా నాయనమ్మ మంచం ఎప్పుడూ ఆ కుండ పక్కనే ఉండేది. గాజు సిరంజి పొద్దున్నే గిన్నెలో ఉడికేది. "అన్నం ఉడికిందా" అని అడిగినంత మామూలుగా నాన్న "సూది ఉడికిందా" అని అడిగేవాడు.

ఇక రంగు సంగతి. దవాఖానాలో ఇచ్చిన, మైలుతుత్తం కలిపిన నీలం మందును గాజు గొట్టంలో కాస్త పోసి, అందులో నా పొద్దుటి మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, మరిగే నీళ్ళ గిన్నెలో నిలబెట్టాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, ఆ పైన నారింజ, మరీ మించితే ఇటుక పొడి కలిపినట్టు అవుతుంది. ఆ రంగును బట్టి అమ్మ సిరంజి మీద గీతలు లెక్కబెట్టి మందు లాగేది. ఊరు దీనికి పెట్టిన పేరు "ఉచ్చ వండుడు". బోరింగు మా వాకిలి ముందే ఉండేది, బిందెలతో వచ్చిన ఆడవాళ్ళంతా మా పొయ్యి వైపు మెడలు చాచేవాళ్ళు.

"రూతమ్మక్కా, ఇయ్యాల ఏం కూర?"

"పాలకూర" అనేది అమ్మ, ఆకుపచ్చ వస్తే. పసుపైతే పప్పు, నారింజైతే గుమ్మడికాయ, ఇటుక రంగైతే పండుమిర్చి తొక్కు. నీలం రంగు కూర ఈ భూమ్మీద లేదు కనుక, నీలం వచ్చిన రోజు అమ్మ మొహమంతా నవ్వుతో "ఇయ్యాల పస్తే" అని అరిచేది. బోరింగు దగ్గర అందరూ "స్తోత్రం" అనేవాళ్ళు, ప్రభువును నమ్మనివాళ్ళు కూడా.

జబ్బు కన్నా జబ్బు మీద జనం చెప్పే మాటలతో వేగడమే కష్టం. ఒకామె కాకరకాయ రసం, ఒకామె నేరేడు గింజల పొడి, ఒకాయన వేపాకు పరగడుపున. ఇంటికొచ్చిన చుట్టమల్లా ఒక చేదు తెచ్చి నా నోట్లో పోసి, నా మొహం ఎలా మారుతుందో చూసి తృప్తిగా వెళ్ళేవాడు. "పెండ్లయితే అదే పోతది" అని ఒక తాత. క్రిస్మస్‌కు ప్రతి ఇంటి నుంచీ అరిసెలు, గవ్వలు, కజ్జికాయలు పళ్ళేల్లో వచ్చేవి, ప్రతి పళ్ళెంతో పాటూ "సువార్తకు పెట్టకుండ్రి" అనే మాట కూడా వచ్చేది. నా పేరు అంత మంది నోళ్ళలో నానింది ఆ పండుగకే. సండే స్కూల్లో వాక్యం అప్పజెబితే పిల్లలకు చాక్లెట్, నాకు మాత్రం పెన్సిల్. బడి వాగు అవతల, దారిలో పడిపోతే చూసేదెవరని ఇంట్లో నన్ను బడికే పంపలేదు. అక్షరం ముక్క రాని నా దగ్గర ఏడు పెన్సిళ్ళుండేవి.

ఇంట్లో తీపికి కావలి మా నాయనమ్మ. బెల్లం కుండ ఉట్టి మీద, ఉట్టి కింద ఆమె. చుట్ట కాలుస్తూ, ఒక కన్ను మూసి, రెండో కంటితో నన్ను కనిపెడుతూ ఉండేది. "నీ కోసమేనే, నీకు ఆశ పుట్టకుండ తొందరగ ఖాళీ జేస్తన్న" అంటూ బెల్లం ముక్క తనే నోట్లో వేసుకునేది. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది. మోకాళ్ళ నొప్పులతో లేవలేక మంచం పక్కన ఒక డబ్బా పెట్టుకునేది; పొద్దున్నే దాన్ని పారబోయడం నా పని. పెరట్లో ఆ పారబోసిన చోట చీమలు బారులు తీరేవి. ఆ చీమలన్నిటినీ ఊరు నా ఖాతాలోనే వేసింది.

ఇంటి వెనక నుంచి చూస్తే కనపడేదంతా అడవే. ఈస్టర్ ముందు వారాల్లో ఇప్పపువ్వు రాలేది. ఆ వాసన వస్తే చాలు, నాకు లోపల కుదురుండేది కాదు. మగ్గిన పండూ, కొత్త తేనే, తడి మట్టీ కలిపి ఎవరో ఊరి మీద కప్పినట్టుండేది. తెల్లవారకముందే కోయగూడెం పిల్లలూ మా వాడ పిల్లలూ బుట్టలు నెత్తిన బోర్లించుకుని, ఎలుగుబంటి పారిపోవాలని కేకలు పెట్టుకుంటూ వాగు దాటేవాళ్ళు. నేను మంచంలో పడుకుని ఆ కేకలు దూరమవుతుంటే వినేదాన్ని. పదో ఏట ఒక్కసారి వెళ్ళి, చెమటలు పట్టి చెట్టు కింద పడిపోయాను, నన్ను మోసుకొచ్చారు. అప్పటి నుంచి అడవి బంద్.

నాకు పదకొండో ఏడు. ఆ ఏడు అమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు. మూడు రోజులు నస పెడితే అమ్మ విసిగి, "వరసగ మూడు దినాలు నీలం రావాలె. వస్తే పో" అంది. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఎండలో నడిచే పిల్లకు చక్కెర ఎలాగూ పడిపోతుంది, అడవికి పోయే రోజు కాస్త పాలకూరే మేలు. ఆ సంగతి అప్పుడు అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. మా ఇంట్లో నీలమంటే మంచి, అంతే.

మొదటి నీలం నా కష్టార్జితం. ముందు రోజు రాత్రి అన్నం సగానికి సగం తిని, వాకిట్లో తాడాట యాభై గెంతులు గెంతి సంపాదించాను. రెండో రోజు ఆకలికి తట్టుకోలేక చద్దన్నం లాగించేశాను కనుక నమ్మకం పోయింది. కోయగూడెం ముత్తి నా ప్రాణ స్నేహితురాలు. నీళ్ళ బిందెతో వస్తే చాటుకు పిలిచి, సిగ్గు విడిచి అడిగాను.

"ఉచ్చ గావాల్నా?" అంది ముత్తి కళ్ళింత చేసుకుని. "గిదేం బిచ్చమే! ఎంత గావాలె, బిందెడు తీస్కో."

నీలమంటే నీలం, మైలుతుత్తం లాంటి నీలం వచ్చింది. "రెండో పస్తు!" అని అమ్మ అరిచింది. బోరింగు దగ్గర స్తోత్రాలు. ముత్తి అందరికన్నా గట్టిగా అంది.

మూడో రోజు లేచేసరికి ముత్తి లేదు. ఇప్పపువ్వు ఎక్కువ రాలిందని చీకటితోనే అడవికి పోయిందట. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అమ్మ "తెస్తవా లేదా?" అని కేక. చేతిలో పారబోయాల్సిన నాయనమ్మ డబ్బా. ఇంకేం ఆలోచించాను? ముసలి ఒంట్లో ఏ జబ్బూ లేదు కదా అనుకుని, అందులోంచే నా సీసాలోకి ఒంచేశాను.

అమ్మ చుక్కలు వేసింది. నీలం మీద ఆకుపచ్చ పొర లేచింది, చూస్తూ చూస్తూ ఉండగానే పసుపైంది, నారింజైంది, ఆగుతుందేమో అనుకుంటే ఆగకుండా కిందికంటా ఇటుక రంగు దిగింది. బోరింగు చప్పుడు కూడా ఆగిపోయింది.

"నిన్న పస్తు, ఇయ్యాల తొక్కా? ఏం తిన్నవే?" అంటూనే అమ్మ సిరంజి తీసింది. గీతలు పైకి లెక్కబెడుతూ మందు లాగుతోంది. రోజూ ఆపే గీత దాటిపోయింది. ఇంకో రెండు. ఇంకో రెండు. ముందటేడు చెట్టు కింద చేతులు వణికి, కళ్ళ ముందు అడవంతా తెల్లబడిపోవడం గుర్తొచ్చింది. నోరు విప్పితే అడవి పోతుంది. విప్పకపోతే నేనే పోతాను. సూది తొడకు తగలబోతుండగా అరిచాను.

"అమ్మా, అది నాది కాదు!"

"నీది కాకపోతే ఎవరిదే?"

"నాయనమ్మది."

మంచం మీద చుట్ట కింద పడింది. "నా ఉచ్చ నువ్వెందుకు వండినవే, దొంగ మొకందానా!" అని నాయనమ్మ లేచి కూర్చుంది. అంతలో అమ్మ నెమ్మదిగా గొట్టం వైపు చూసింది, తర్వాత నాయనమ్మ వైపు చూసింది, తర్వాత మూడు నెలలుగా పసుపు అద్దుతున్నా మానని ఆమె కాలి బొటనవేలి పుండు వైపు చూసింది. "అత్తా, లెవ్వు. దవాఖానకు పోదాం" అంది.

సిస్టరమ్మ పుండు కడిగి కట్టు కట్టింది. "పిల్లది వేరు, నీది వేరు పెద్దమ్మా. పిల్లకు ఒంట్లో మందే పుట్టదు, నీకు పుట్టింది సాలట్లేదు. గోలీలు ఏసుకో, బెల్లం బంద్. ఇంకొన్నాళ్ళు ఇట్లనే ఉంటే వేలు తీసేయాల్సొచ్చేది" అంది. నాయనమ్మ దారి పొడుగునా నన్ను తిడుతూనే వచ్చింది. "పేరు సువార్త, తెచ్చేటివన్నీ గిసొంటి వార్తలు!" ఇంటికొచ్చి నా అసలు మూత్రం వండితే, చెప్పుకుంటే సిగ్గుచేటు, స్వచ్ఛమైన నీలం. దొంగతనం చేయనక్కరే లేకపోయింది.

అమ్మ మాత్రం మెత్తబడలేదు. "మోసం జేసినవ్. ఇగ అడివి మాటెత్తకు" అంది. ఇప్పపువ్వు ఇంకో వారానికి మించి రాలదు. నేను మూల కూర్చుని ఏడ్చాను. నాలుగు రోజులు నాయనమ్మ పుండుకు కట్టు మార్పించుకుంటూ మంచం మీదే ఉంది. అయిదో రోజు సాయంత్రం కర్ర తీసుకుని అమ్మ ముందు నిలబడింది.

"రూతమ్మా, అది మోసం జెయ్యకుంటే నా కాలు తెగేది. రేపు దాన్ని నేను తీస్కపోత. నువ్వెట్ల ఆపుతవో సూస్త."

అమ్మ సిస్టరమ్మను అడిగి వచ్చి, పొద్దున మందు రెండు గీతలు తగ్గించి, నా పావడా ముడిలో బెల్లం ముక్క కట్టి, నాయనమ్మ కాలికి రెండు వరసల గుడ్డ చుట్టి పంపింది. ఎంత నడక అది! వాగు ఇసుక చల్లగా ఉంది. నాయనమ్మ రెండడుగులకోసారి ఆగి నన్ను తిట్టేది, నేను ముందుకు పరిగెత్తి మళ్ళీ వెనక్కొచ్చేదాన్ని. చెట్ల కింద ఆకులన్నీ ఊడ్చిన నేల మీద పువ్వు పరుచుకుని ఉంది. తెల్లగా, ఉబ్బుగా, ఒక్కోటీ వేలి కొసంత, ఇంకా పైనుంచి టప్ టప్ మని పడుతూనే. ముత్తి నన్ను చూసి బుట్ట అక్కడే పారేసి గంతులేసింది. నేను ఏరాను. ఒళ్ళంతా తేనె జిగటయ్యేదాకా, బుట్ట నిండేదాకా ఏరాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, బండ మీద కూర్చున్న నాయనమ్మ దవడ కదులుతోంది. ఆమె సరిగ్గా నా దవడ వైపే చూస్తోంది. అదీ కదులుతోంది. ఇద్దరం కదపడం ఆపేశాం. ఇద్దరం మింగాం.

మర్నాడు పొయ్యి మీద రెండు గొట్టాలు. రెండూ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నట్టు గుమ్మడికాయ రంగుకొచ్చాయి. అమ్మ వాటిని వెలుతురుకెత్తి పట్టుకుని, "ఏరినదెంత, తిన్నదెంత?" అంది. "దాన్నడుగు" అంది నాయనమ్మ. "నాయనమ్మనే అడుగు" అన్నాను నేను. కోపంగా మొదలుపెట్టిన అమ్మ గొట్టాలు కిందికి దించేసరికి నవ్వుతో కూలబడింది.

ఇప్పుడా నీలం మందు ఎవరూ వాడరు. సిస్టరమ్మ ఉన్న దవాఖానా మూతపడింది, బోరింగు చోట కుళాయి వచ్చింది, రోడ్డు వెడల్పులో వాగు ఇవతలి ఇప్పచెట్లు పోయాయి. నాయనమ్మ కాళ్ళు రెండూ ఉండగానే, పదమూడేళ్ళ తర్వాత, నిద్రలో వెళ్ళిపోయింది. అమ్మ కూడా లేదు. నా చక్కెర ఎంతో వేలి మీద చుక్కతో మిషన్ అంకె చెబుతుంది, ఆ అంకెను నేనే చదువుకుంటాను. ఇప్పపువ్వు కాలం వస్తే ఇంకా లోపల కుదురుండదు; ఇప్పుడు అడవికి పోవద్దనేవాళ్ళు లేరు, షరతులు పెట్టేవాళ్ళు లేరు, ఆటో ఎక్కితే పావుగంట. అయినా పోయిన మార్చిలో ముత్తి ఫోన్ చేసి "లెవ్వే, రాలుతోంది" అంటే, కొంగు పట్టుకుని ఏడవడానికి ఒక అమ్మా, తీసుకుపోవడానికి ఒక నాయనమ్మా లేక, లేవాలో వద్దో తేల్చుకోలేక చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. తర్వాత లేచాను. లేవకపోతే ముత్తి ఊరుకోదు.