నర్సింహ కాక అడిగిన ఒక్క ఫొటో

పెళ్లిలో ఫొటోగ్రాఫర్ చేయగల తప్పులు చాలా ఉన్నాయి. పెళ్లికూతురు తుమ్మబోతున్న క్షణంలో బటన్ నొక్కడం ఒకటి. పెళ్లికొడుకు మేనమామను క్యాటరింగ్ మనిషి అనుకుని నీళ్లు తెమ్మనడం ఒకటి. అవన్నీ నేను చేశాను, చేసి కూడా తలెత్తుకునే తిరిగాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ కోవలోది కాదు. ఇది జరిగాక వారం రోజుల పాటు మా వీధి కుక్క కూడా నన్ను చూసి మొరగడం మానేసింది, నా మీద జాలి పడిందని నా అనుమానం. అందుకని కూర్చుని చదవండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు పక్కన ఎవరినైనా తోడు పెట్టుకోండి.

నా పేరు యాదగిరి. కొత్తపేటలో నాకొక ఫొటో స్టూడియో ఉంది. ఎంత పెద్దదంటే, నలుగురున్న కుటుంబానికి ఫొటో తీయాలంటే నేను బయటికొచ్చి మెట్ల మీద నిలబడాలి. చదువు ఎనిమిదో తరగతిలో ఆపేశాను. ఆపింది నేనే అయినా, ఆ పుణ్యం తనదేనని మా లెక్కల సారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇది జరిగిన ఏడాదే నేనొక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నాను. అది అంతకుముందు ఏ పెళ్లికీ పోయిన కెమెరా కాదు. ఒక షోరూంలో బల్ల మీద కూర్చుని, వచ్చిపోయే జనం చేత ఊరికే నొక్కించుకున్న కెమెరా. గీత లేదు, మరక లేదు. కొత్త అల్లుడిలా మెరిసిపోతోంది. దాన్ని మెళ్లో వేసుకుంటే నా నడకే మారిపోయింది.

సరిగ్గా అప్పుడే నర్సింహ కాక స్టూడియోకి వచ్చాడు. వాళ్లది పోచంపల్లి వైపు నేత కుటుంబం. ఆయన మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నాడు. చంకలో ఒక సంచి ఉంది.

"యాద్గిరీ, మా బిడ్డ శ్రావణి పెండ్లి పెట్టుకున్న. మగపెండ్లోళ్లు వాళ్ల ఫొటోగ్రాఫర్‌నే తోలుకొస్తరంట. ఫొటోలు, వీడియో అన్ని వాళ్లే చూసుకుంటరంట. మీకు వేరే ఎందుకండీ అంటున్నరు."

"మరి నువ్వేమన్నవ్ కాకా?"

"మాకు మా యాద్గిరి ఉన్నడని చెప్పిన."

ఆ ఒక్క మాటకి నా ఛాతీ స్టూడియో గోడలకి తగిలింది. కాక సంచిలోంచి ఒక చీర తీసి నా బల్ల మీద పరిచాడు. ముదురు ఎరుపు. అంచు పొడవునా చిన్న చిన్న చిలకలు, ఒక్కొక్కటీ ఇప్పుడే ఎగిరిపోతానన్నట్టు ఉంది.

"మగ్గం దిగి పన్నెండేండ్లయింది. మా తమ్ముని ఇంటికి పోయి ఆదివారం ఆదివారం కూసొని నేసిన. పుస్తె కట్టేటప్పుడు బిడ్డ గిదే కట్టుకుంటది. కట్టుడు అయిపోంగనే ఇడిసి తలంబ్రాలకు తెల్లచీర కట్టిస్తరు. అర్ధగంట ముచ్చట."

"ఏం గావాలె చెప్పు కాకా."

"పుస్తె కట్టేటప్పుడు బిడ్డ మొఖం, ఈ చీర, రెండు ఒక్కతాన గనవడాలె. గా ఒక్క ఫొటో చాలు. మిగిలినయి నువ్వు తియ్యకున్నా నేను అడగ."

"ఒక్కటేంది కాకా, రెండు వందలు తీస్త."

ఆ మాట అన్నప్పుడు నా నాలుకని ఎవరైనా పట్టుకుని ఉంటే బాగుండేది.

మగపెళ్లివారి ఫొటోగ్రాఫర్ ప్రసాద్ గారు. వాళ్లది కోస్తా, ఉండేది ఎల్‌బీ నగర్. ఆయన దగ్గర సొరకాయంత పొడుగు తెల్ల లెన్సు ఉంది. దానితో హాలు చివర నిలబడి కూడా పెళ్లికూతురి ముక్కుపుడక రాళ్లు లెక్కపెట్టొచ్చు. దానికి దీటుగా నాకూ ఒకటి ఉండాలి కదా. దిల్‌సుఖ్‌నగర్‌లో లెన్సులు కిరాయికిచ్చే ఆయన దగ్గరికి పోయి, హామీ కింద ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాను.

"పొడుగుది లేదన్నా. వెడల్పుది ఉన్నది," అన్నాడాయన.

"హాలు మొత్తం వస్తదా?"

"హాలేంది, పార్కింగ్ గూడ వస్తది. కాని దీనితోని మనిషి పెద్దగ గనవడాలంటె దగ్గరికి పోవాలె. మస్తు దగ్గరికి."

"దగ్గరికి పోవుడు నాకు నేర్పకు. అవసరమైతె పంతులు ఒళ్లె కూసుంట."

పెళ్లి రోజు పొద్దున్నే, అంతకుముందు తీసిన బారసాల ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, కెమెరా సంచి తగిలించుకుని పెద్ద అంబర్‌పేట్‌లోని ఫంక్షన్ హాలుకి పోయాను. ఇక అక్కడ నేను చేసిన ఘనకార్యం వినండి. ప్రసాద్ గారు మర్యాదగా పది అడుగుల దూరంలో తన సొరకాయతో నిలబడ్డారు. నేను నా వెడల్పు లెన్సుతో మంటపంలోకే ఎక్కాను. ఆయనకీ పెళ్లికూతురికీ మధ్య గోడలా.

"బ్రదర్, కొంచెం పక్కకి జరుగుతారా? మీ తల వస్తోందండీ."

"నా తల ఎటు జరిపినా నాతోనే వస్తదన్నా."

"పోనీ మీరు కూర్చుని తీసుకోండి, నేను మీ మీదుగా తీసుకుంటాను. ఇద్దరికీ వస్తుంది."

"నువ్వే కూసో అన్నా. నీ లెన్సు బరువు గద."

ఆయన ఇంకో అడుగు వెనక్కి జరిగారు. మంచివాళ్లతో ఇదే చిక్కు, మనం ఎంత మూర్ఖులమో మనకు తెలియనివ్వరు.

ముహూర్తం దగ్గర పడింది. భజంత్రీలు ఊపందుకున్నాయి. నేను ఎడమకి వంగాను, కుడికి వంగాను, చేతులు పైకెత్తి తీశాను, మోకాళ్ల మీద తీశాను. వెనక నుంచి జనం అరుస్తున్నారు.

"ఓ ఫొటో అన్నా, జర జరుగు. మేం పెండ్లి సూడనీకి వచ్చినం, నీ వీపు సూడనీకి గాదు."

పెళ్లి సరదాలే అనుకున్నాను. పెళ్లికొడుకు తాళి అందుకుని మొదటి ముడి వేయబోతుంటే, "బావా, గట్లనే ఆపు, ఒక్క నిమిషం ఇటు చూడు," అన్నాను. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి నావైపు చూసిన చూపుకి కెమెరా మీద ఫ్లాష్ దానంతటదే వెలిగిందేమో అనిపించింది.

ప్రతి ఫొటో రెండు సెకన్ల పాటు కెమెరా తెర మీద కనిపించి మాయమవుతోంది. బ్రహ్మాండంగా ఉన్నాయి. మూలలో ఏవో ఎర్ర ఇంగ్లీషు అక్షరాలు టపటపా మెరుస్తున్నాయి. ఖరీదైన కెమెరా కదా, దానికి ఆమాత్రం షోకు ఉంటుందిలే అనుకున్నాను. ఎనిమిదో తరగతి ధైర్యం అంటే అది.

కాక అక్షింతలు వేసి, కళ్లు తుడుచుకుంటూ నావైపు చూశాడు. "వచ్చిందా?" అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నేను బొటనవేలు చూపించాను. అయ్యా, ఆ బొటనవేలుని తలుచుకుంటే ఇప్పటికీ దాన్ని జేబులో దాచుకోవాలనిపిస్తుంది.

భోజనానికి కూర్చున్నాను. రెండోసారి పులిహోర వేయించుకుంటుండగా మా ఆవిడ మంజుల ఫోన్ చేసింది.

"ఏమయ్యా, కంప్యూటర్‌కు నల్లగ ఏందో చిన్న బిళ్ల పెట్టి పోయినవ్. తియ్యాల్నా, ఉండనియ్యాల్నా?"

"తీసి పైలంగ పెట్టు," అని ఫోన్ పెట్టేశాను. ఒక ముద్ద తిన్నాను. రెండో ముద్ద తిన్నాను. మూడో ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

ఫొటోలన్నీ దాచే మెమరీ కార్డు నల్లగా ఉంటుంది. చిన్నగా ఉంటుంది. బిళ్లలా ఉంటుంది.

ఎంగిలి చేత్తోనే కెమెరా పక్కన ఉన్న చిన్న తలుపు తీశాను. లోపల ఏమీ లేదు. పళ్లూడిన నోరులా ఖాళీగా నన్ను చూస్తోంది. చెవుల్లో భజంత్రీలు మోగుతున్నాయి, భజంత్రీల వాళ్లేమో నా ఎదుటి వరసలో పప్పు కలుపుకుంటున్నారు.

కార్డు లేకపోతే ఏ కెమెరా అయినా మొరాయిస్తుంది కదా, మరి ఇది పొద్దుటి నుంచీ ఎలా నొక్కించుకుంది? కెమెరా అమ్మినాయనకి ఫోన్ చేశాను.

"షోరూంల కార్డు పెడ్తె ఎవరన్న గుంజుకపోతరన్నా," అన్నాడాయన తాపీగా. "అందుకే కార్డు లేకున్నా నొక్కుడు పడేటట్టు పెట్టినం. ఫొటో కనవడి పోతది. నువ్వు ఆ సెట్టింగ్ మార్చుకోలేదా? తెర మీద ఎర్రగ చెప్తనే ఉంటది గద."

చెబుతూనే ఉంది పాపం. పొద్దుటి నుంచీ ఎర్రగా అరుస్తూనే ఉంది. నేనే దాన్ని షోకు అనుకున్నాను.

చేయి కడుక్కోకుండా చుట్టాల మీద పడ్డాను. "అక్కా, పుస్తె కట్టేటప్పుడు నీ ఫోన్ల ఫొటో తీసినవా?" ఒక ఫోన్‌లో నా భుజం ఉంది. ఒక ఫోన్‌లో నా నెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డ చోటు ఉంది, అది ఉన్నట్టు నాకు ఆ రోజే తెలిసింది. ఇంకొక పెద్దమ్మ ఫోన్‌లో నా మోచేయి, దాని పక్కన పంతులుగారి కోపం ఉన్నాయి. మగపెళ్లివాళ్ల వీడియో చూస్తే అందులోనూ నేనే. హాల్లో పెట్టిన పెద్ద తెర మీద జనమంతా అర్ధగంట చూసింది నా చొక్కానే.

ఆఖరికి పంతులుగారి దగ్గరికి పోయాను.

"పంతులుగారూ, పుస్తె కట్టుడు ఇంకోసారి... ఉత్తగనే, మంత్రం లేకుండ..."

"నాయనా, ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లు చేయిస్తున్నాను," అన్నారాయన. "కట్టినవాడు పారిపోవడం చూశాను. కట్టించుకున్నది ఏడవడం చూశాను. ఫొటో తీసేవాడు మళ్లీ కట్టమనడం ఇదే చూడ్డం. అటు వెళ్లు."

ఇక మిగిలింది ప్రసాద్ గారు. ఒక మూల పెరుగన్నం తింటున్నారు. పోయి ఎదురుగా నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నోరు తెరుచుకుంది, ముద్ద మాత్రం లోపలికి పోలేదు.

"అంటే, పొద్దుటి నుంచీ మీరు తీసినవన్నీ..."

"గాలికి పోయినయ్ అన్నా."

"మరి అంతసేపు నన్నెందుకు అడ్డుకున్నారండీ?"

"గదే నాక్కూడ అర్థమైతలేదు."

ఆయన చేయి కడుక్కొచ్చి, తన కెమెరా తీసి చూపించారు. మొదటి ఫొటోలో నా వీపు. రెండో దాంట్లో నా వీపు, కొంచెం ఎడమకి. మూడో దాంట్లో చెమటతో నా చొక్కా మీద తడిసిన మరక, అచ్చం దేశపటంలా. ఆ సొరకాయ లెన్సు ఎంత మంచిదో నాకు అప్పుడు తెలిసింది. నా కాలరు కుట్టు ఎక్కడ ఊడిందో దారం దారం కనిపిస్తోంది.

"ఒక్కటి లేదా అన్నా? ఒక్కటి?"

ఆయన చాలాసేపు ముందుకీ వెనక్కీ జరిపి ఒక చోట ఆగారు. "ఇదొక్కటేనండీ. అది కూడా మీ చంక కిందనించి వచ్చింది."

ఇద్దరం కలిసి కాక దగ్గరికి పోయాం. ఆయన వచ్చినవాళ్లకి అరిసెలు పంచుతూ పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెప్పాను. చెప్పడం అయ్యాక ఆయన పళ్లెం పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకి నా దగ్గర సమాధానాలున్నాయి.

"పొద్దున కట్టుకోంగనే కొంగు చూసుకొని నవ్వింది యాద్గిరీ," అన్నాడు. "ఇప్పుడు తెల్లచీరల ఉన్నది. అయిపాయె."

ప్రసాద్ గారు కెమెరా ఆయన చేతిలో పెట్టారు. ఫొటోలో ముప్పావు వంతు నేనే. రెండు చేతులూ పైకెత్తి, కెమెరా నెత్తిన పెట్టుకుని, బస్సు పైకి మూట ఎక్కిస్తున్నవాడిలా ఉన్నాను. నా చేతికీ నడుముకీ మధ్య ఉన్న సందులో, కిటికీలోంచి చూసినట్టు, శ్రావణి వంచిన తల. మెడ వెనక ముడి వేస్తున్న రెండు చేతులు. భుజం మీద నుంచి జారిన ఎర్ర చీర, అంచున వరసగా ఏడు చిలకలు.

కాక చిలకల్ని వేలితో లెక్కపెట్టాడు.

"ఈయన్ని కంప్యూటర్‌లో తీసేయొచ్చండీ," అన్నారు ప్రసాద్ గారు మెల్లగా. "ఈయన ఉన్నచోట మిగతా చీర అదే నింపేస్తుంది. మూడు నిమిషాల పని."

"అదే అంటె?"

"అంటే, ఈ ముక్క చూసి మిగతాది ఎలా ఉంటుందో అదే ఊహించి వేసేస్తుందండీ."

కాక తల అడ్డంగా ఊపాడు. "ఆర్నెల్లు కూసొని నేసిన చీర. అది మూడు నిమిషాల్ల ఏమని నేస్తది? నేను నేసింది గింతే గనవడ్తె గింతే సాలు. వీన్ని గట్లనే ఉండనియ్యి."

నేను ఇంకోసారి ఫొటోలోకి తొంగి చూశాను.

"కాకా, పోనీ నా వీపన్న జర మసగ్గ..."

"నువ్వు మాట్లాడకు."

ఆ ఫొటోని కాక తలుపంత పెద్దదిగా చేయించి, దిల్‌సుఖ్‌నగర్‌లో తన దుకాణంలో గల్లా పైన పెట్టుకున్నాడు. చీరలు కొనేవాళ్లంతా ఆ చిలకల గురించి అడుగుతారు. తరవాత, ముందు నిలబడ్డ ఆ పెద్దమనిషి ఎవరని అడుగుతారు. కాక దాచకుండా మొత్తం చెబుతాడు, అడ్రసుతో సహా.

మొన్న ఒకాయన స్టూడియోకి వచ్చి గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"పెండ్లి ఫొటోలు తీసే యాద్గిరి నువ్వేనా?"

"నేనే అన్నా. కూసోండి."

"ఆగు. జర అటు తిరుగు."

తిరిగాను.

"ఆఁ, నువ్వే," అని, వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు.

కాబట్టి నా ఆధార్ కార్డు మీద చెయ్యి వేసి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. కెమెరా తలుపు తెరిచి బిళ్లని కళ్లారా చూడనిదే బటన్ మీద వేలు పెట్టను. నా ఒంట్లో ప్రాణం ఉన్నంతకాలం ఏ పుస్తెకీ జనానికీ మధ్య నిలబడను. ఒకవేళ ఖర్మ కాలి నిలబడాల్సి వస్తే, ముందు కాలరు కుట్టించుకుంటాను.