పుట్టింటి సంచి

పొద్దున్న ఐదు గంటల పది నిమిషాలకి కొళాయిలో నీళ్ళు వచ్చాయి. పోర్ట్ బ్లెయిర్‌లో మా అప్ప అద్దెకున్న ఇంటికి కింద, కొండవాలు మొదట్లో ఉండే వీధి కొళాయి అది. మూడు రోజులకోసారి అరగంట వస్తుంది. అప్ప అంటే అక్క, మా నర్సీపట్నం వైపు అలాగే పిలుస్తాం. అది 1999 జనవరి. నేను ఓడ దిగి అప్పటికి రెండు రోజులైంది.

అప్ప రెండు బిందెలు ఎత్తుకుంది, నేనొకటి. కొళాయి నుంచి ఇంటికి అరవై రెండు మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి, బిందెలు దించి, పిట్టగోడకి చేరబడింది. పెదాలు నల్లబడ్డాయి.

"ఏటప్పా, ఏటైంది?"

"ఏటీ నేదు. నువ్వు బేగి ఎల్లు. మల్లీ నీల్లు ఆగిపోతాయి."

ఇంకో నాలుగు బిందెలు మోశాం. అవి మాకోసం కాదు. ఇంటి ముందు గదిలో దిగిన నలుగురు టూరిస్టుల స్నానాలకి.

ఆ ఇంటికి రెండు గదులు. డిసెంబరు వచ్చిందంటే మార్చి దాకా ఇంటి ఓనరు ముందు గది తీసుకుని టూరిస్టులకి రోజు లెక్కన ఇచ్చేవాడు. అప్పా బావా వెనక గదిలో, పొయ్యి పక్కన సర్దుకోవాలి. అద్దె మాత్రం తగ్గేది కాదు. ఆ నాలుగు నెలలూ వాళ్ళకి నీళ్ళు మోసిపెట్టేది కూడా అప్పే. కాదంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి. సీజన్లో ఆ ఊళ్ళో ఇంకో ఇల్లు దొరకదు. ఇది అన్యాయం అని నేనంటే బావ నవ్వాడు. "అన్నేయమే మరదలా. ఇక్కడందరికీ అలగే ఉంటాది," అన్నాడు. బావది రోలుగుంట. పెళ్ళయిన ఏడాదికే పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి టూరిస్టుల వ్యాను తోలేవాడు. వానాకాలం వ్యానుకి పనుండదు, జీతం కూడా ఉండదు.

నేను వెళ్ళింది అప్పని తీసుకురావడానికి. చిన్నప్పుడు కీళ్ళనొప్పుల జ్వరం వచ్చి ఆమె గుండెలో ఒక కవాటం పాడైంది. విశాఖపట్నంలో డాక్టరుగారు చూసి, బరువులు ఎత్తకూడదు, మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, ఆపరేషను ఎప్పుడన్నది అప్పుడు చెబుతాను అన్నారు. ఆ మాట అని రెండేళ్ళయింది. అప్ప ఒక్కసారి కూడా రాలేదు. ప్రతి ఉత్తరంలోనూ "ఈ ఓడకి వీలు పడలేదు, పై ఓడకి వస్తాను" అని రాసేది. ఎందుకు వీలు పడలేదో రాసేది కాదు.

అక్కడ పది రోజులుంటే చాలు, ఎందుకో తెలిసిపోతుంది. ఉల్లిపాయలు ఓడ మీద రావాలి. టమాటాలు, పప్పు, సబ్బు, అగ్గిపెట్టె కూడా ఓడ మీదే రావాలి. ఓడ ఆలస్యమైతే బజార్లో ఉన్న కాస్తా హోటళ్ళవాళ్ళు తెల్లవారేసరికి ఎత్తుకుపోయేవారు. నర్సీపట్నం మార్కెట్లో కిలో కొనే డబ్బుకి అక్కడ పావుకిలో వచ్చేది. చుట్టూ సముద్రం కదా, చేపలైనా దొరుకుతాయనుకున్నాను. మంచి చేపంతా ఐసు పెట్టెల్లో జెట్టీ నుంచే హోటళ్ళకి వెళ్ళిపోయేది. అప్ప వారానికోసారి ఎండు నెత్తళ్ళ పులుసు పెట్టేది. ఆ నెత్తళ్ళు నేను నర్సీపట్నంలో కొని తీసుకెళ్ళినవే.

సముద్రం చూడదగ్గదే. చాలామంది రాశారు, నేను రాయను.

సంచి సంగతి చెప్పాలి. విశాఖపట్నం నుంచి ఆ దీవులకి ఓడ ఎప్పుడు బయల్దేరినా, ఎక్కేవాళ్ళలో మా వైపు మనిషి ఎవరో ఒకరు ఉండేవారు. వాళ్ళ చేతికి అమ్మ ఒక గోనెసంచి ఇచ్చేది. సంతకి ఏజెన్సీ నుంచి దిగే గిరిజనుల దగ్గర కొన్న చింతపండు, పసుపు కొమ్ములు, ఎండు మిరపకాయలు, బెల్లం అందులో సర్దేది. దబ్బనంతో, పురికొసతో మూతి కుట్టేది. పైన అడ్రసు నేను రాసేదాన్ని. ఒకసారి ఎండు నెత్తళ్ళు పంపమని అప్ప రాస్తే, ఉత్తరం విన్న అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"సముద్రం మద్దినున్నదానికి ఎండు సేపలేటే! ఎవులైనా ఇంటే నవ్విపోరా?" అంది. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వుకుంటూనే సంచి కుట్టాం.

ఆ సంచి తిరిగి వచ్చేది. మా ఇళ్ళలో ఒకరు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమైనా, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. పుట్టింటి నుంచి వచ్చిన సంచైతే మరీ పట్టింపు. అప్ప దాన్ని ఉతికి, మడిచి, నింపి, వచ్చే మనిషికిచ్చి పంపేది. అందులో కొబ్బరినూనె, వక్కలు, గవ్వల లైటు, గవ్వల తెర, ఆల్చిప్పల దండలు ఉండేవి. గవ్వల లైటు మా ఇంట్లో టీవీ మీద పెట్టాం. దాన్ని చూడ్డానికే పక్కింటివాళ్ళు వచ్చేవారు.

"మీ పెద్దమ్మికి ఏటి తక్కువమ్మా. దీవిలో మారాణి," అనేది పక్కింటావిడ.

"మా అల్లుడు రోజూ ఇమానం కాడికి ఎల్తాడు," అనేది అమ్మ. విమానం దిగినవాళ్ళ పెట్టెలు మొయ్యడానికి వెళ్తాడని ఆమెకి తెలియదు. అప్పటికి నాకూ తెలియదు.

మేము చేసిన తప్పు ఇదీ. తిరిగొచ్చిన సంచి బరువు చూసి, కూతురు సుఖంగా ఉందనుకున్నాం. డబ్బున్న పిల్ల చింతపండు కూడా మన దగ్గరే అడుగుతోందని వేళాకోళం చేశాం. ఊరికే సెలవులకి వెళ్ళి వచ్చినవాళ్ళ మాటలు విని, అది స్వర్గం అనుకున్నాం. ఒక్క ఉత్తరంలో కూడా "నువ్వేం తింటున్నావు?" అని నేను అడగలేదు. నేను స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. రోజుకో పుస్తకం చదివేదాన్ని. మా అప్ప ఉత్తరాలు మాత్రం చదవడం రాలేదు నాకు.

నేను తిరుగు ఓడ ఎక్కవలసిన ముందురోజు అప్ప అటక మీంచి పాలపొడి డబ్బా దించింది. విశాఖపట్నం రావడానికి దాచుకున్న డబ్బు అందులో ఉందని మొదటి రోజే చెప్పింది. టిక్కెట్టు కొంటుందనుకుని సంతోషంగా వెంట వెళ్ళాను. జెట్టీ వైపు తిరగలేదు. టూరిస్టుల బజారుకి తీసుకెళ్ళింది. అక్కడ గవ్వల లైట్లు వరసగా వేలాడదీసి ఉన్నాయి. మా టీవీ మీద ఉన్నలాంటివే.

సీజను ధర చెప్పాడు దుకాణదారు. అప్ప హిందీలో బేరమాడింది. "మేమూ ఇక్కడివాళ్ళమే, మాకు తగ్గించు," అంది.

అతను ఆమె చీర కేసి చూశాడు. చెప్పుల కేసి చూశాడు. "ఇక్కడివాళ్ళు ఇవి కొనరమ్మా," అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. ఉన్న మాట అన్నాడు. అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ మండుతుంది.

అప్ప కొంది. బయటికొచ్చాక రోడ్డు మీదే దెబ్బలాడాను.

"అప్పా, ఆ డబ్బు దేనికి దాచావు?"

"మల్లీ దాస్తాను."

"రెండేళ్ళ నుంచీ ఇదే పనా? దాచడం, సంచి నింపడం?"

"గట్టిగా అరవకే. పుట్టింటి సంచి కాలీగా పంపితే అమ్మ ఏటనుకుంటాది? నా కూతురు తిండికి నేక సస్తంది అనుకోదా?"

"నిజమే కదా!"

"నిజమైతే మాత్తరం సెప్పుకుంటారేటే? సదువుకున్నదానివి, ఆ మాత్తరం తెల్దా నీకు?"

మాత్రలు కూడా రోజు విడిచి రోజు వేసుకుంటోందని ఆ సాయంత్రం బావ చెప్పాడు. నాతో రమ్మని అప్పని మరి వదల్లేదు. సీజను ముగిసేదాకా నీళ్ళు మొయ్యకపోతే ఇల్లు పోతుందనీ, ఏప్రిల్లో వచ్చే ఓడకి తప్పకుండా వస్తాననీ నా చేతిలో చెయ్యేసి చెప్పింది. నా ఓడ ఛార్జీలు పోగా మిగిలిన డబ్బంతా ఆ పాలపొడి డబ్బాలో వేశాను. బదులుగా నా దగ్గరా ఒక మాట తీసుకుంది. "అమ్మకి సెప్పకు."

ఆ సంచి నేనే మోసుకొచ్చాను. మూడు రోజులు ఓడలో దాని మీదే తల పెట్టుకు పడుకున్నాను. ఇంటికి రాగానే అమ్మ మూతి విప్పి, లైటు పైకెత్తి, "పాతదానికన్నా పెద్దది," అని మురిసిపోయింది. ఇరుగుపొరుగుని పిలిచింది. అప్ప ఏమంత బాగులేదు, ఏప్రిల్లో వస్తుంది అని మాత్రం చెప్పాను. నీళ్ళ మాట, మెట్ల మాట, డబ్బా మాట చెప్పలేదు.

మార్చిలో రోలుగుంట నుంచి బావ బంధువొకడు ఓడెక్కుతున్నాడని కబురు తెలిసింది. అమ్మ మళ్ళీ సంచి తీసింది. ఈసారి ఏటికొప్పాక నుంచి ఒక లక్క కుంకుమ బరిణె కూడా తెప్పించింది. "ఎలాగూ అప్ప వచ్చేస్తోంది కదమ్మా, ఇప్పుడెందుకు?" అన్నాను.

"వచ్చేదాకా తినదేటి?" అంది అమ్మ.

అప్పుడైనా చెప్పవలసింది. ఈ సంచి వెళితే ఆ డబ్బా ఖాళీ అవుతుందని ఒక్క మాట చాలు. నేను మూతి రెండు అంచులూ దగ్గరకి పట్టుకున్నాను, అమ్మ కుట్టింది. అప్పకి మాటిచ్చానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. కూతురు మారాణి కాదని తెలిస్తే అమ్మ మొహం ఎలా మారుతుందో చూసే ధైర్యం నాకు లేదు, అంతే. మొహమాటం అంటారు దీన్ని మన భాషలో. ఎంత మెత్తటి మాట పెట్టుకున్నామో.

ఏప్రిల్ ఓడకి అప్ప రాలేదు. సంచి వచ్చింది. గవ్వల తెర, రెండు సీసాల కొబ్బరినూనె, ఒక ఉత్తరం. "ఈ ఓడకి వీలు పడలేదు. వానలయ్యాక వస్తాను."

మే నెలలో అక్కడ నీళ్ళకి మరీ కటకట. వేసవి సెలవులకని ముందు గదిలో ఒక కుటుంబం దిగింది. పొద్దున్న నీళ్ళ వేళకి అప్ప మెట్లెక్కుతూ కూర్చుండిపోయింది. మళ్ళీ లేవలేదు. మా వీధి చివర ఎస్టీడీ బూతుకి బావ ఫోను చేశాడు. బూతతను పరిగెత్తుకొచ్చి పిలిస్తే నేనే వెళ్ళి విన్నాను. మేము వెళ్ళడానికి దారి లేదు. ఓడ లేదు. విమానం టిక్కెట్టు ధర విని ఫోను పెట్టేశాను. ఆ వారం ఆ టిక్కెట్లు కొనుక్కుని సరదాగా వెళ్ళినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ తప్పు లేదని నాకు తెలుసు. తెలిసినంతమాత్రాన కోపం పోదు.

అన్నీ అయ్యాక బావ వచ్చాడు. గెడ్డం పెరిగిపోయి, మనిషి సగమైపోయాడు. చేతిలో మా గోనెసంచి. ఉతికి మడిచి ఉంది. అమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు. లోపల ఏదో ఉంది. నేనే తీశాను. గవ్వల లైటు. సీజను కాదు కనక చవగ్గా వచ్చి ఉంటుంది.

"ఇదేటి బావా?"

"ఓడ ఎక్కేముందు కొన్నాను. తను ఉంటే కాలీగా తేనివ్వదు కదా," అన్నాడు బావ.

ఆ లైటు గోడకేసి కొట్టాను. గవ్వలు గదంతా దొర్లాయి. అప్పుడు చెప్పాను, అన్నీ. కొళాయి, మెట్లు, ముందు గది, మాత్రలు, పాలపొడి డబ్బా. పరామర్శకి వచ్చినవాళ్ళందరి ముందూ అరుస్తూ చెప్పాను. నీ సంచే చంపింది దాన్ని అని కూడా అన్నాను. కన్నతల్లిని అన్నాను.

అమ్మ ఏడవలేదు. నా కేసి తిరిగింది.

"జనవరిలోనే తెలుసు నీకు. మరి నాకు సెప్పనేదేటే?" అంది. "దాని మాటకేటి, అది ఎర్రి గుంట. నువ్వు సెప్పాల కదే. సెప్తే ఆ సంచిలో నా సెవుల తమ్మెట్లు ఎట్టి పంపీదాన్ని కదే."

అమ్మ ఆ తరవాత ఆరేళ్ళు బతికింది. ఆ ప్రశ్న ఇంకోసారి వెయ్యలేదు.

తరవాత రోజులు మారాయి. మా స్కూలు టీచర్లే విమానంలో ఆ దీవులకి వెళ్ళొచ్చారు. ఫొటోలు చూపించారు. అక్కడ గది ఎంత చవకో, చేపల వేపుడు ఎంత బావుందో, వేణ్ణీళ్ళు ఎన్ని కావాలంటే అన్ని ఎలా ఇచ్చారో చెప్పారు. ఒకావిడ నాకోసం గవ్వల బొమ్మ తెచ్చింది. ఆ నీళ్ళు పైకి ఎవరు మోశారని అడిగాను. ఆవిడకి అర్థం కాలేదు. మోటారు ఉంటుందిగా అంది. ఉండొచ్చు. బొమ్మ తీసుకోలేదు. నాకు పొగరని అప్పటినుంచీ అంటారు.

పక్కింటావిడ ఇప్పటికీ అప్పుడప్పుడు కూరో పచ్చడో గిన్నెలో పంపుతుంది. మొదట్లో ఖాళీ గిన్నె అందుకుంటూ, "ఇదేటమ్మా, మరిసిపోనావేటి?" అనేది. ఇప్పుడు అనడం మానేసింది. గిన్నె కడిగి, తుడిచి, వెంటనే ఇచ్చేస్తాను. మా ఇంట్లో గిన్నె నింపి తిరిగి ఇవ్వడం లేదు.